కాటలేజా, ఏహెచ్‌పీయా: పెరాక్సైడ్ నుంచి ఈ.కోలైని కాచేది ఏది?

బాక్టీరియా కాలనీని, అంటే ప్లేటు మీద పెరిగిన గుంపును, పుల్లతో స్లయిడ్ మీదకు తీసి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుసబుసమని నురగ పొంగుతుంది. పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్ కాటలేజ్ అందులో ఉందన్నమాట. నురగ ఎంత ఎక్కువైతే బాక్టీరియాకు రక్షణ అంత ఎక్కువనుకుంటే మాత్రం పొరపాటే. 3 శాతం అంటే దాదాపు 880 మిల్లీమోలార్. కణం రోజూ ఎదుర్కొనేది మైక్రోమోలార్ల లెక్క, అంటే మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు.

గాలి తగిలే చోట పెరుగుతున్న ఈ.కోలై బాక్టీరియాలో దాని సొంత ఎంజైములే సెకనుకు 10-15 మైక్రోమోలార్ల పెరాక్సైడ్ పుట్టిస్తాయి. దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేసేది ఏహెచ్‌పీ, అంటే ఆల్కైల్ హైడ్రోపెరాక్సైడ్ రిడక్టేజ్. ఒక మైక్రోమోలార్ దగ్గరే అది చురుగ్గా పనిచేస్తుంది. కాటలేజ్ సగం వేగం అందుకోవాలన్నా కొన్ని మిల్లీమోలార్లు కావాలి. పైగా ఏహెచ్‌పీ పెరాక్సైడ్‌ను నీళ్లుగానే మారుస్తుంది, ఆక్సిజన్ వదలదు. అందుకే నురగ పరీక్షలో దాని జాడే ఉండదు.

మరి కాటలేజ్ ఎందుకు? ఏహెచ్‌పీకి ఒక్కో పెరాక్సైడ్ అణువుకు ఒక ఎన్‌ఏడీహెచ్ (తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను మోసే అణువు) ఖర్చు. పెరాక్సైడ్ సుమారు 20 మైక్రోమోలార్లు దాటితే దాని శక్తి చాలదు, బరువు కాటలేజ్ మీద పడుతుంది. రెండు పెరాక్సైడ్ అణువులనే ఒకదానితో ఒకటి చర్య జరిపించి నీరు, ఆక్సిజన్ చేసే కాటలేజ్‌కు ఎన్‌ఏడీహెచ్ అక్కర్లేదు. తిండి లేక ఎన్‌ఏడీహెచ్ అడుగంటిన కణానికి అదే దిక్కు. ఈ.కోలైలో కాటలేజ్‌లు రెండు: పెరాక్సైడ్ పెరిగితే ఆక్సీఆర్ ప్రోటీన్ పిలుపుతో కాట్‌జీ పెరుగుతుంది, ఎదుగుదల ఆగిన దశలో కాట్‌ఈ పెరుగుతుంది.

నా లెక్కలో పెరుగుతున్న కణానికి ఏహెచ్‌పీ మేలు, ఆకలి దశలోనూ పెద్ద డోసు పడ్డప్పుడూ కాటలేజ్ మేలు. ఏహెచ్‌పీని తొలగిస్తే కాట్‌జీ పెరిగి ఆదుకుంటుంది, కాటలేజ్‌లు రెండూ పోయినా కణం మామూలు గాలిలో పెరుగుతుంది. మూడూ పోతే లోపల పెరాక్సైడ్ ఒక మైక్రోమోలార్‌కు చేరుతుంది. అంత కొద్దిపాటికే ఇనుము-గంధకం గుంపులున్న ఎంజైములు చెడిపోతాయి, స్వేచ్ఛగా ఉన్న ఇనుముతో పెరాక్సైడ్ కలిసి డీఎన్‌ఏను కోస్తుంది. పంటి పుచ్చుకు కారణమైన స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్‌కు కాటలేజ్ లేదు, నురగ రాదు. అయినా నోట్లో నిక్షేపంగా బతుకుతుంది, దాని రక్షణల్లో ఏహెచ్‌పీ ఒకటి.

నురగ పరీక్షలో రెండు చోట్ల మోసం జరుగుతుంది. రక్తం కలిపిన అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీది కాలనీతో పాటు ఎర్రకణాలు వస్తే వాటి కాటలేజే పొంగిస్తుంది. కాలనీని తీసే నిక్రోమ్ (నికెల్-క్రోమియం) తీగ లూప్ కూడా బుడగలు తెప్పిస్తుంది, అందుకే చెక్కపుల్ల.

ఏహెచ్‌పీని చూడాలంటే కల్చర్‌ను, అంటే బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని, బాగా పలచన చేసి, 10 మైక్రోమోలార్ల లోపు పెరాక్సైడ్ కలిపి, అది తగ్గే వేగాన్ని పెరాక్సైడ్‌ను పసిగట్టే ఆంప్లెక్స్ రెడ్ అనే రసాయనంతో కొలవాలి. కల్చర్ చిక్కగా ఉంటే వేసిన మోతాదును కణాలన్నీ కలిసి నిమిషాల్లో మింగేస్తాయి, దాంతో రక్షణ జన్యువు పోయిన బలహీన మ్యూటెంట్ కూడా గట్టిదానిలా కనిపిస్తుంది. బతికినవాటిని లెక్కించాలంటే ప్లేటింగ్‌కు (ప్లేటు మీద పరిచి కాలనీలు పెంచడానికి) ముందు కాటలేజ్ కలిపి మిగిలిన పెరాక్సైడ్‌ను ఆపాలి. మూడు జన్యువులూ లేని మ్యూటెంట్‌ను పెంచేవాళ్లు మీడియాను, అంటే బాక్టీరియా పెరిగే పోషక పదార్థాన్ని, చీకట్లో దాచాలి, వెలుతురు తగిలితే అందులోనే పెరాక్సైడ్ పుడుతుంది. ప్లేట్లలో సోడియం పైరువేట్ కలిపితే అది పెరాక్సైడ్‌ను తినేస్తుంది, కాలనీలు నిలుస్తాయి.