వాషి నేర్చుకోవడానికి ఏ నార మేలు: కోజో, మిత్సుమాతా, గంపి?

జపాన్ చేతి కాగితం వాషి నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఏ నారతో మొదలుపెట్టాలన్నది. సంప్రదాయంగా వాడేవి ముఖ్యంగా మూడు: కోజో, మిత్సుమాతా, గంపి. మూడూ లోపలి బెరడు నుంచే తీస్తారు. చేతికి మాత్రం మూడూ మూడు రకాలుగా తగులుతాయి.

నా ఓటు కోజోకే. ఇది మన మల్బరీకి బంధువు. ఆకు రాలాక చలికాలంలో కొమ్మలు నరికితే మరుసటి ఏడాదికి మళ్ళీ ఎదుగుతాయి. నార దాదాపు 10 మిల్లీమీటర్ల పొడవుంటుంది. మిగతా రెండింటివీ అందులో సగానికి అటూ ఇటూ. పొడుగు నారలు ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుంటాయి కాబట్టి కొత్త చేతుల తప్పుల్ని కోజో కాస్త ఓర్చుకుంటుంది. 2014లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన సెకిషు బన్షి, హోన్ మినోషి, హోసోకావాషి మూడూ కోజో కాగితాలే.

అయితే పని తక్కువేం కాదు. కొమ్మల్ని ఆవిరి పట్టి, బెరడు ఒలిచి, పై నల్లపొర గీకి, చాకలి సోడా నీళ్ళలోనో బూడిద నీళ్ళలోనో ఉడకబెట్టాలి. ఆ తర్వాత పని 'చిరి' ఏరడం. ఉడికిన బెరడు పోగును చల్లటి నీళ్ళలో పట్టుకుని, వేళ్ళతో విప్పుతూ, ప్రతి నల్ల మచ్చనూ గోటితో తీసేయాలి. అన్నంలో రాళ్ళు ఏరినంత ఓపిక కావాలి. వదిలేసిన ఒక్క మచ్చ ఎండిన షీటులో నేరుగా కంటికి కొడుతుంది. నాకైతే కాగితం గురించి ఎక్కువ నేర్పింది ఈ పనే.

మిత్సుమాతా కొమ్మ ప్రతి చోటా మూడుగా చీలుతుంది, పేరు అందుకే వచ్చింది. సుమారు మూడేళ్ళకోసారి నరుకుతారు. కాగితం మెత్తగా, నునుపుగా, సన్నటి మెరుపుతో వస్తుంది. జపాన్ కరెన్సీ నోట్లలోనూ ఈ నార వాడతారు. ప్రింట్లు వేసేవాళ్ళకు బాగా నచ్చుతుంది కానీ బలంలో కోజోకు సాటి రాదు. రెండో ఏడాదికి పెట్టుకోండి.

గంపి అందం వేరు. పలుచగా, అవతలి వస్తువు లీలగా కనపడేలా, పట్టులా మెరుస్తుంది. కానీ సాగుకు లొంగదు, అడవిలో దొరికిందే తెచ్చుకోవాలి. నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి, ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. ఇంత అరుదైన నారను తొలి ప్రయత్నాల్లో పాడుచేయడం నాకు మనసొప్పదు.

నార గుజ్జు నుంచి షీటు తీసే పద్ధతులూ రెండున్నాయి. తమేజుకీలో గుజ్జు నీళ్ళలో తెరను ఒక్కసారే ముంచి ఎత్తి, నీళ్ళు దిగేదాకా ఆగుతారు. సులువే. నగాషిజుకీలో వెదురు తెరను మళ్ళీ మళ్ళీ ముంచి, ముందుకూ వెనక్కూ ఊపి, మిగిలిన నీళ్ళు విసిరేస్తారు. కోజోకు ఇదే కుదురుతుంది. ఇందులో కీలకం 'నెరి', అంటే తొరోరో అవోయి వేరు నుంచి దిగే జిగురు నీళ్ళు. ఆ మొక్క మన బెండకు చుట్టం, జిగురూ అచ్చం అలాగే ఉంటుంది. పేరుకు జిగురే కానీ అంటించదు: నారలు అడుగుకు దిగకుండా, ముద్దకట్టకుండా నీళ్ళలో తేలుస్తుంది. తడి షీట్లను మధ్యలో గుడ్డ లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి బరువు పెట్టినా తర్వాత విడివిడిగా వచ్చేస్తాయి! వేడికి మాత్రం నెరి పలచబడిపోతుంది. మన ఊళ్ళలో ప్రయత్నించేవాళ్ళు డిసెంబరు, జనవరి తెల్లవారుజామునే పెట్టుకోవడం మంచిది.

ఇక రంగులు. గుజ్జులోనే కలిపితే తొట్టి మొత్తం ఆ రంగుకు అంకితం. అందుకే తయారైన షీటుకే వేయమంటాను. కిహాదా అనే చెట్టు బెరడు నుంచి వచ్చే పసుపు రంగును కుంచెతో పూయొచ్చు. పాతకాలంలో బౌద్ధ సూత్రాల కాగితానికి పురుగు పట్టకుండా వేసింది అదే. నీలిమందుకైతే షీటును ముంచి తీసి, గాలికి పట్టి, మళ్ళీ ముంచాలి. తొట్టిలోంచి ఆకుపచ్చగా వచ్చింది చూస్తుండగానే నీలమవుతుంది. అన్నిసార్లు తడిసినా చిరగకూడదు కాబట్టి ఇక్కడా కోజోయే. దానికి ముందే కొన్‌న్యాకు గంజి పూసి ఆరబెడితే ఇంకా గట్టిపడుతుంది. ఆ గంజి తీసే దుంప మన కంద జాతిదే.