పాప కాళ్ల కోసం మూడు ఊళ్లు: సూదులు, స్ప్లింట్లు, లాడ్జీలు

మా పాపకి నాలుగున్నరేళ్లు. 31వ వారంలోనే పుట్టేసింది. ఏడాది దాటినా కూర్చోకపోతే "నెలలు తక్కువ పిల్ల కదా, నిదానంగా వస్తుందిలే" అన్నారు అందరూ. మేమూ నమ్మాం. రెండో ఏడు సగం అయ్యాక ఒంగోలులో పిల్లల డాక్టర్ గారు స్కానింగ్ రాసి, సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అన్నారు. అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని, కండరాల మీద పట్టు సరిగా లేకపోవడం. రెండు కాళ్లూ కర్రల్లా బిగుసుకుంటాయి, నిలబెడితే మునివేళ్ల మీదే నిలబడుతుంది, కాళ్లు కత్తెరలా అడ్డం పడతాయి. చేతులు బాగానే పనిచేస్తాయి, మాటలైతే మా అందరికంటే ఎక్కువ. ఇలాంటి దాన్ని స్పాస్టిక్ డైప్లీజియా అంటారట.

గత ఏడాదిన్నరలో ఈ పిల్లని ఎత్తుకుని హైదరాబాద్, వెల్లూరు, చెన్నై తిరిగాం. నేనూ, మా అత్తయ్యా. మా ఆయనకి సెలవు దొరికితే ఆయన కూడా. ఎక్కడ ఏం చేశారు, ఎక్కడ ఉన్నాం, ఏది డబ్బు దండగ అనిపించింది అనేది రాస్తున్నాను. అందరి పిల్లలూ ఒకలా ఉండరు కాబట్టి వైద్యం సంగతి మీ డాక్టర్‌నే అడగండి. లాడ్జీల సంగతి మాత్రం నన్ను నమ్మొచ్చు.

మొదట సికింద్రాబాద్ వెళ్లాం. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. పాత పేరు ఎన్.ఐ.ఎం.హెచ్., ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. ఆటోవాళ్లకి మాత్రం పాత పేరే చెప్పాలి. ఇది ముఖ్యంగా బుద్ధి ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల కోసం. మాకు అక్కడ పనేంటని మా ఆయన అన్నాడు కానీ, వెళ్లడం మంచిదైంది. ఒక రోజంతా ఒక గదిలోంచి ఇంకో గదికి తిప్పి ఫిజియో, స్పీచ్, సైకాలజీ అన్నీ చూశారు. చివర్లో ఒక మేడమ్ "పాప తెలివికి ఏ లోటూ లేదమ్మా, మామూలు బడిలోనే వేయండి, కూర్చోవడానికి సరైన కుర్చీ ఒకటి చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటకి మా అత్తయ్య అక్కడే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఖర్చు పెద్దగా ఏమీ కాలేదు. పొద్దున్నే వెళ్లకపోతే మాత్రం ఆ రోజు పని ఆ రోజు అవదు.

ఆ ఊళ్లోనే అసలు కథ మొదలైంది. మా పక్కింటి బాబాయికి పక్షవాతం వస్తే ఆక్యుపంక్చర్‌తో చెయ్యి లేచిందని మా అత్తయ్యకి గట్టి నమ్మకం. "సూదులు వేయిస్తే నరాలు కదులుతాయమ్మాయ్" అని ఒకటే పోరు. సరే అని ఒక ప్రైవేట్ సెంటర్‌కి వెళ్లాం. పేరు రాయను. ఆక్యుపంక్చర్, దాంతోపాటు 'ఇంటెన్సివ్ ఫిజియో', 20 రోజుల ప్యాకేజీ. డబ్బు మొత్తం ముందే కట్టాలి. మధ్యలో మానేస్తే వెనక్కి రాదు.

సెంటర్ రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు! నడవలేని పిల్లల కోసం పెట్టిన సెంటర్‌కి లిఫ్ట్ లేకపోవడం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. పదమూడు కిలోల పిల్లని చంకనేసుకుని 20 రోజులు ఆ మెట్లెక్కాను. నా నడుము నొప్పికి ఎవరూ సూదులు వేయలేదు.

వెయిటింగ్ హాల్ గోడ మీద డాక్టర్ కోట్నీస్ ఫోటో ఉండేది. చైనా, జపాన్ యుద్ధం రోజుల్లో, 1938లో మన దేశం నుంచి చైనాకి వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో ఒకాయన. అక్కడే 1942లో చనిపోయారు. ఆ ఐదుగురిలోనే ఉన్న బెంగాలీ డాక్టర్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ సూదుల వైద్యం నేర్చుకుని కలకత్తాకి తెచ్చారు. కాబట్టి ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకోనక్కర్లేదు. మా చిన్నాన్న కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాణ్ణి ఫోన్‌లో అడిగాను. అక్కడ పెద్దాసుపత్రుల్లో సీపీ పిల్లలకి సూదులు, మసాజ్, ఫిజియో అన్నీ ఒకే వార్డులో కలిపి చేస్తారట, అందులో వింతేమీ లేదన్నాడు.

సూదులు ఎలా వేస్తారంటే, జుట్టు పాయలు పక్కకి తీసి తల మీద కొన్ని, మోకాళ్ల కింద, పాదాల దగ్గర కొన్ని. వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ మా కళ్ల ముందే చింపేవారు. అది మాత్రం మెచ్చుకోవాలి. మీరు ఎక్కడికి వెళ్లినా ఆ ఒక్కటి తప్పకుండా చూడండి. 25 నిమిషాలు అలా ఉంచుతారు. మొదటి ఐదారు రోజులు పాప గుక్కపట్టి ఏడ్చింది. ఏడిస్తే ఈ పిల్లల కాళ్లు ఇంకా బిగుస్తాయి. వదులు చేయడానికి వేసిన సూదులతో పిల్ల ఇంకా బిగుసుకుపోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. బయటికి వెళ్లిపోయేదాన్ని, అత్తయ్య పట్టుకునేది. వారం తర్వాత అలవాటు పడింది, ఫోన్‌లో బొమ్మలు పెడితే ఊరుకునేది.

గుణం కనిపించిందా అంటే, సూదులు తీశాక గంటా రెండు గంటలు కాళ్లు కాస్త మెత్తగా ఉన్నట్టే ఉండేవి. సాయంత్రానికి మామూలే. దాని తర్వాత ముప్పావుగంట ఫిజియో చేయించేవాళ్లు. ఆ ఫిజియో అమ్మాయి మంచిది, పాపతో ఆటలాడుతూ చేయించేది. 20 రోజుల చివర్లో పాప సోఫా పట్టుకుని మూడు నిమిషాలు నిలబడింది. అంతకుముందు నిమిషం కూడా ఉండేది కాదు. సెంటర్‌వాళ్లు అది సూదుల గొప్పేనన్నారు. ఇంకో రెండు ప్యాకేజీలు చేయిస్తే ఆరు నెలల్లో పరిగెడుతుందన్నారు.

మేం సంక్రాంతికి ఇంటికొచ్చేశాం. మూడు వారాలు సూదుల్లేవు. ఆ అమ్మాయి నేర్పిన కసరత్తులు మాత్రం రోజూ చేయించాను. మూడు నిమిషాలు నాలుగయ్యాయి. ఇదేం పరిశోధన కాదు, మా ఒక్క పిల్ల సంగతి. కానీ రెండో ప్యాకేజీ కట్టలేదు. సీపీకి ఆక్యుపంక్చర్ మీద పరిశోధనలున్నాయి, ఎక్కువ చైనాలో చేసినవే. చాలావాటిలో మాకు చేసినట్టే సూదులూ ఫిజియో కలిపి చేశారు. ఏది పనిచేసిందో విడదీసి చెప్పేంత గట్టి ఆధారం లేదని తర్వాత వెల్లూరులో డాక్టర్ చెప్పారు. "హాని లేదు, నమ్మకం ఉంటే చేయించుకోండి, కానీ దానికోసం ఫిజియో మానొద్దు, అప్పులు చేయొద్దు" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది.

ఆ వెయిటింగ్ హాల్లోనే ఒకాయన మా ఆయనకి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స గురించి చెప్పాడు. లక్షల్లో ఖర్చు. సీపీకి దాన్ని పరిశోధనల్లో తప్ప బయట మామూలు వైద్యంగా చేయకూడదని ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొలం అమ్మి దానికి పెట్టిన వాళ్లని ఆ హాల్లోనే చూశాను. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

ఇక వెల్లూరు, అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి. ఒంగోలు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ హాయి. రాత్రి ఎక్కితే పొద్దున వెల్లూరు పక్కనే ఉన్న కాట్పాడిలో దిగొచ్చు. పాపకి సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వచ్చాక రైల్వే రాయితీ కార్డు తీసుకున్నాం. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పిల్లకీ తోడు వెళ్లే ఒకరికీ 75 శాతం తగ్గుతుంది. దానికోసం తిరిగిన తిరుగుడు వేరే కథ కానీ, ఏడాదికి మూడుసార్లు ప్రయాణం చేసేవాళ్లు తప్పకుండా చేయించుకోవాలి.

కాట్పాడి స్టేషన్ బయట "రూమ్ కావాలా మేడమ్" అని తెలుగులోనే చుట్టుముడతారు. మొదటిసారి వాళ్లలో ఒకడి వెంట వెళ్లి మోసపోయాం. మూడో అంతస్తు, కిటికీ లేని గది, కింద కూర్చునే బాత్రూమ్. మా పాప గొంతుక్కూర్చోలేదు. రాత్రిపూట నేను వెనక నుంచి ఎత్తి పట్టుకుని నిలబడాలి. రెండోసారి బుద్ధి తెచ్చుకుని ముందే ఫోన్ చేసి మూడే మూడు అడిగాను: లిఫ్ట్ ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, గదిలో వండుకోవచ్చా. సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో బెంగాల్, జార్ఖండ్ నుంచి వచ్చేవాళ్లు నెలల తరబడి ఉంటారు, అందుకని గ్యాస్ స్టవ్వూ గిన్నెలూ అద్దెకిచ్చే లాడ్జీలు చాలా ఉన్నాయి. బోర్డులు బెంగాలీలో, చేపల కూర వాసన, మధ్యలో మన ఆంధ్రా భోజనం హోటళ్లు. అత్తయ్య రెండో రోజుకే ఒక బెంగాలీ ఆవిడతో స్నేహం చేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, పచ్చడి మాత్రం ఇచ్చిపుచ్చుకున్నారు.

సీఎంసీలో అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి. జనరల్, ప్రైవేట్ అని రెండు రకాలు. జనరల్‌లో చౌక, ఎదురుచూపు ఎక్కువ. పొద్దున ఏడింటికి వెళ్తే మధ్యాహ్నం మూడు అయింది. పాలు, బిస్కెట్లు, ఒక జత బట్టలు, దుప్పటి పట్టుకెళ్లండి. మధ్యాహ్నం పిల్లని పడుకోబెట్టడానికి ఒక మూల దొరికితే అదృష్టమే.

కానీ డాక్టర్ చూసిన తీరు వేరు. గోనియోమీటర్ అని కోణాలు కొలిచే స్కేలుతో కీలు కీలూ కొలిచారు. తుంటికి ఎక్స్‌రే తీయించారు. సీపీ పిల్లలకి కాళ్ల బిగుతు వల్ల తుంటి ఎముక మెల్లగా పక్కకి జారే ప్రమాదం ఉంటుందట. నొప్పి తెలిసేసరికి ఆలస్యం అవుతుంది కాబట్టి క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీసి చూసుకోవాలి. 20 రోజుల ప్యాకేజీలో ఈ మాట ఒక్కరు కూడా ఎత్తలేదు. అదీ నా కోపం.

తర్వాత లెవెల్ సంగతి చెప్పారు. నడక ఎంతవరకు వస్తుందో అంచనా వేయడానికి పిల్లల్ని ఒకటి నుంచి ఐదు లెవెల్స్‌గా చూస్తారు. మా పాప మూడు. "వాకర్ పట్టుకుని ఇంట్లో, బడిలో నడుస్తుంది. దూరాలకి వీల్‌చైర్ కావాలి. ఇది తగ్గిపోయే జబ్బు కాదు, పెరిగే జబ్బూ కాదు" అన్నారు. ఎవరూ అంత సూటిగా చెప్పలేదు అప్పటిదాకా. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అత్తయ్య కూడా. మా ఆయన మాత్రం "పోనీ, ఇప్పుడైనా ఎటు పోవాలో తెలిసింది" అన్నాడు.

బాగాయంలో ఉన్న సీఎంసీ వాళ్ల రీహాబ్ ఇన్‌స్టిట్యూట్ (పునరావాస కేంద్రం) ఊరి అవతల, చెట్ల మధ్య. 1966లో మొదలైంది. మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేసేవారట. ఆ సంగతి విన్నాక వీల్‌చైర్ అనే మాట నా చెవికి కొంచెం తక్కువ గుచ్చుకుంది.

వెల్లూరు నుంచి మేం ఇంటికి తెచ్చుకున్నవి: పాదాలు సరిగ్గా నిలిపే ప్లాస్టిక్ స్ప్లింట్లు, మోకాళ్లు వంగకుండా చుట్టే గైటర్లు, రోజూ చేయాల్సిన పనుల కాగితం. కాగితం అంటే కసరత్తుల లిస్టు కాదు. స్నానం చేయించేటప్పుడు ఎలా పట్టుకోవాలి, మోకాళ్లు ముందుకి, పాదాలు చెరో పక్కకి పెట్టి డబ్ల్యూ ఆకారంలో కూర్చుంటే ఎలా మార్చాలి, అన్నం తినేటప్పుడు పాదాలు గాలిలో వేలాడకుండా కింద ఏం పెట్టాలి. ప్రతిదీ నా చేత చేయించి చూశారు. నేను తప్పు చేస్తే "మళ్లీ చేయండమ్మా" అని నవ్వేవారు. హైదరాబాద్ సెంటర్‌లో తలుపు వేసి లోపల చేసేవాళ్లు, ఇక్కడ నా చేతులకి నేర్పారు. డబ్బు లెక్కలో కూడా వెల్లూరు పది రోజులు, లాడ్జీతో సహా, ఆ ప్యాకేజీలో సగం కాలేదు.

చెన్నై సంగతి క్లుప్తంగా. మహాబలిపురం వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద ముట్టుకాడులో నీప్మెడ్ అని ఇంకో కేంద్ర సంస్థ ఉంది, 2005లో మొదలైంది. ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న పిల్లల కోసం. ఎటు చూసినా ర్యాంపులే, సముద్రపు గాలి, పాప వాకర్‌తో మొదటిసారి తనంతట తాను తిరిగింది అక్కడే. చిక్కల్లా దూరం. మాకు తిరువాన్మియూరులో పిన్ని వాళ్లిల్లు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే రోజూ వెళ్లిరావడం కష్టం. తమిళం రాకపోతే కొంత ఇబ్బంది కూడా.

రెండు డబ్బు మాటలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది, సీపీ పిల్లలకి ఏడాదికి లక్ష రూపాయల దాకా. థెరపీకి కూడా అందులో కొంత వస్తుంది. సదరం సర్టిఫికెట్ ఉంటే మన రాష్ట్రంలో పెన్షన్ 6,000, అది మా ఊళ్లో ఫిజియోకే సరిపోతోంది.

వెల్లూరు కాగితంలో నిలబడే చెక్క స్టాండ్ బొమ్మ గీసి, కొలతలు రాసి ఇచ్చారు. అది చూపిస్తే మా వీధి వడ్రంగి 2,200కి చేసిచ్చాడు, ముందు పలక మీద బొమ్మలు పెట్టుకోవడానికి అంచు కూడా కట్టాడు. సాయంత్రం అత్తయ్య సీరియల్ మొదలవగానే పాపని అందులో నిలబెడుతుంది, సీరియల్ అయ్యేదాకా దించదు. ప్రకటనలు ఎక్కువ వచ్చిన రోజు పాప గొడవ చేస్తుంది. తుంటి ఎక్స్‌రేకి మళ్లీ వచ్చే నెల వెళ్లాలి. శేషాద్రిలో కింది బెర్త్ దొరికింది, లాడ్జీలో లిఫ్ట్ పనిచేస్తోందో లేదో ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కోవాలి.