విశాఖ ఫ్లాట్‌లో ఆల్టెక్ ఏ7: ఏళ్ల తరబడి విన్నాక

పాత థియేటర్ హార్న్ స్పీకర్లంటే (శబ్దాన్ని బూరలాంటి గొట్టంతో ముందుకు పంపేవి) మోత మోగించడానికే అనుకుంటారు చాలామంది. అమెరికా కంపెనీ ఆల్టెక్ సినిమాహాళ్ల కోసం చేసిన 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' ఏ7 జత లాసన్స్ బే దగ్గర మా ఇంటి హాల్లో ఏళ్ల తరబడి పాడుతోంది. వీటి అసలు సత్తా వాల్యూమ్ తగ్గించినప్పుడే తెలుస్తుందని నేను గట్టిగా చెప్పగలను. రాత్రి పక్క ఫ్లాట్‌వాళ్లు పడుకున్నాక, పక్క గదిలోకి కూడా వినిపించనంత తక్కువలో ఘంటసాల పాట పెట్టినా ప్రతి అక్షరం విడిగా అందుతుంది. మా అమ్మకు చెవులు కాస్త మందగించాయి. చిన్న స్పీకర్లున్న రోజుల్లో "ఇంకొంచెం పెంచరా" అనేది. ఇప్పుడు "మాట తెలుస్తోందిలే నాన్నా, అంతే ఉంచు" అంటుంది.

దీని వెనక లెక్క ఉంది. షెల్ఫ్ మీద పెట్టుకునే మామూలు స్పీకర్ ఒక వాట్‌కు మీటరు దూరంలో 86, 87 డెసిబెల్స్ పలుకుతుంది. ఏ7 సుమారు 100 పలుకుతుంది. ఆ 13 డెసిబెల్స్ తేడా అంటే పవర్‌లో 20 రెట్లు. అక్కడ 20 వాట్లు చేసే పని ఇక్కడ ఒక్క వాట్ చేసేస్తుంది. డయాఫ్రం, అంటే కదిలి శబ్దం పుట్టించే పలుచని పొర, వెంట్రుకవాసి కదిలితే చాలు కాబట్టి డిస్టార్షన్ (శబ్దం వికృతమవడం) కూడా తక్కువే. నా దగ్గరున్నది ఈఎల్84 వాల్వులతో (గాజు ట్యూబులు) చేసిన ఆంప్లిఫయర్, 12 వాట్లది. దాన్ని సగం దాకా తిప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

రెండో కారణం హార్న్ ఆకారం. పైనుండే 811బి హార్న్ శబ్దాన్ని అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా 40 డిగ్రీల మేర పంచేలా చేసినది. మన ఇళ్లలో కింద మార్బులో టైల్సో, పైన నున్నటి స్లాబు. మామూలు స్పీకర్ల శబ్దం ఆ రెండింటికీ కొట్టుకుని తిరిగొచ్చి మాటను మసక చేస్తుంది. ఇక్కడ ఎక్కువ భాగం నేరుగా కుర్చీ దగ్గరికే వస్తుంది. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ ఈ వరుస మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం కూడా అదే: హాల్లో ఏ మూల కూర్చున్నవాళ్లకైనా డైలాగ్ స్పష్టంగా చేరాలి. ఆ కంపెనీలోనే ఉన్న జేమ్స్ బి. లాన్సింగ్ మరుసటి ఏడాది, అంటే 1946లో, బయటికొచ్చి జేబీఎల్ కంపెనీ పెట్టాడు.

కొనేముందు హార్న్ స్పీకర్లు చేసే మరో కంపెనీ క్లిప్ష్‌వి కూడా చూశాను. 1946 నాటి క్లిప్ష్‌హార్న్‌కు గది మూలలే బేస్ హార్న్‌లో భాగం. రెండు గట్టి మూలలు ఖాళీగా ఉండాలి. మా హాల్లో ఒక మూల బాల్కనీ తలుపు తినేసింది, చాలా ఫ్లాట్లలో ఇదే పరిస్థితి. అదే కంపెనీ లా స్కాలా మూల అడగదు, మధ్య స్థాయి శబ్దాల్లో దాని చురుకుదనం నాకు నచ్చింది. కానీ ఏ7లో 15 అంగుళాల ఊఫర్ (కింది స్థాయి శబ్దాలు పలికే పెద్ద కోన్) మీద గొంతుకు వచ్చే నిండుదనం వేరు. మృదంగం ఎడమ వైపు మోత, షేక్ చినమౌలానా నాదస్వరంలో బిగపట్టిన ఊపిరి, రెండూ దీనిలోనే బాగున్నాయి. నాదస్వరం చివర కూడా హార్న్ ఆకారమే కదా, అందుకే కాబోలు ఆ వాయిద్యానికి ఇవి అంత బాగా కుదురుతాయి. మా ఊరి కళాభారతి ఆడిటోరియంలో ముందు వరసల్లో కూర్చుని కచేరీ విన్నవాళ్లకు ఆ సాన్నిహిత్యం ఎలా ఉంటుందో తెలుసు.

పాతవి కొనేటప్పుడు చెక్క పెట్టె అందం ఆఖర్న చూడండి. ముందు మల్టీమీటర్ పట్టుకెళ్లండి. 8 ఓమ్‌ల ఊఫర్ మీటర్‌లో 6 ఓమ్‌ల దరిదాపుల్లో చూపించాలి. నాలుగు వేళ్లూ పరిచి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే కరకరమనకూడదు. రెండు స్పీకర్లనూ ఒక్కొక్కటిగా, తక్కువ వాల్యూమ్‌లో, ఒకే గొంతుతో వినండి. ఒకదాంట్లో 'స', 'శ' మందంగా వస్తే ఆ డయాఫ్రం అలసిపోయిందని అర్థం. క్రాసోవర్‌లో (శబ్దాన్ని ఊఫర్‌కూ హార్న్‌కూ పంచే సర్క్యూట్) కెపాసిటర్లు దాదాపు తప్పకుండా మార్చాలి, కాయిల్స్ జోలికి వెళ్లక్కర్లేదు. మామూలు ఏ7లో ఊఫర్ 800 హెర్ట్జ్ దగ్గర విడిచి హార్న్‌కు అప్పగిస్తుంది. ఏ7-500లో పెద్ద 511బి హార్న్ ఉంటుంది, అది 500 దగ్గరే అందుకుంటుంది. గది పెద్దదైతే రెండోది వెతకండి.

811బి అల్యూమినియం పోత. వేలి కణుపుతో తడితే గుడిగంటలా మోగుతుంది, ఆ మోత స్త్రీ కంఠాల మీద గరుకుగా కూర్చుంటుంది. హార్న్ బయటి వైపంతా కారు తలుపుల లోపల అంటించే బ్యుటైల్ షీటు వేశాను. తడితే ఇప్పుడు 'టప్' అంటుంది, అంతే. సుశీల పాటల్లో పై స్థాయి అప్పటినుంచీ ఒరుసుకోవడం లేదు.

సముద్రం సంగతి వేరుగా చెప్పాలి. కిటికీలు తీస్తే ఉప్పుగాలి నేరుగా లోపలికే. టెర్మినళ్లు పచ్చబడతాయి, ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి, అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెనక పలక విప్పి కనెక్షన్లు తుడుస్తాను, స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. పెట్టెల కింద గ్రానైట్ ముక్కలున్నాయి. చెదల కోసం వేసినవే అయినా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కిటికీ అద్దం పగిలి హాల్లోకి నీళ్లొచ్చినప్పుడు ప్లైవుడ్ అడుగు తడవకుండా కాపాడాయి.

లోటు లేదని కాదు. 50 హెర్ట్జ్ కిందకి బేస్ జారిపోతుంది, ఈనాటి సినిమా పాటల్లో ఆ లోతు కావాలనుకుంటే సబ్‌ఊఫర్ పెట్టుకోవాలి. ఆంప్లిఫయర్‌లో ఏ చిన్న హమ్ (సన్నటి గుయ్యిమనే మోత) ఉన్నా ఇవి దాచవు. 30 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల లోతున్న పెట్టె ఇంట్లో కళ్లెదుటే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం దూరం: ఊఫరూ హార్నూ ఒకే గొంతుగా కలవాలంటే కనీసం పది అడుగుల అవతల కూర్చోవాలి. అంత చోటు లేనివాళ్లు క్లిప్ష్ హెరెసీ వినండి. 1957 నుంచి వస్తున్న మోడలు, 12 అంగుళాల ఊఫర్, చిన్న గదిలో సుఖంగా సర్దుకుంటుంది.