గోడలో ముందే వేసిన వైర్లతో మల్టీరూమ్ ఆడియో: ముసురు పడితే గానీ బయటపడని సంగతి

మల్టీరూమ్ ఆడియో అనగానే అందరూ ఆంప్లిఫయరు గురించీ యాప్ గురించీ రాస్తారు. గోడలోపలి వైరును ఎవరూ పట్టించుకోరు. నా కోపమంతా దాని మీదే.

కోనసీమలో కాలవ పక్క ఇల్లు. కట్టేటప్పుడే హాలు, వంటిల్లు, పడగ్గది, వరండాలకు స్పీకరు వైర్లు లాగించేశారు. వాటికి నాలుగు జోన్ల (గదికొకటి) ఆంప్లిఫయరు తగిలించాం. ఎండాకాలమంతా భేషుగ్గా పలికింది. ముసురు పట్టగానే వరండాలో ఎడమ స్పీకరు గరగరలాడి, నీరసించి, ఆగిపోయింది. ఎండ కాస్తే మళ్లీ పలికేది.

ఇలాంటప్పుడు ఆంప్లిఫయరును సర్వీసుకు పంపేయకండి. కరెంటు ఆపి, వెనక ఆ జోను ఎడమ, కుడి వైర్లను అటుదిటు మార్చండి. మూగబోయేది అదే స్పీకరైతే తప్పు వైరుదో స్పీకరుదో. రెండోది మూగబోతే ఆంప్లిఫయరుది. మాకు అదే స్పీకరు. ఆంప్లిఫయరు నుంచి వైరు ఊడదీసి మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు 6, 7 మధ్య చూపాలి. మాది 19 చూపింది, వైరు కదిపితే అంకె గెంతింది. నేరుగా స్పీకరు దగ్గర 6.4. అంటే రోగం దారిలోనే.

వరండా మూల బాక్సు విప్పితే మెలితిప్పి నల్లటేపు చుట్టిన అతుకు. టేపు జిగురు కారిపోయింది, లోపల తెల్లటి పొడి. పోగును బ్లేడుతో గీకితే ఎర్రదనం పోయి వెండిలా మెరిసింది: రాగి పూత పూసిన అల్యూమినియం! పూత చిట్లిన చోట తేమ తగిలితే లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా అదే మందం రాగి వైరు కంటే రెసిస్టెన్స్ సుమారు ఒకటిన్నర రెట్లు.

అతుకు మళ్లీ వేయడం దండగ. పాత వైరుకు కొత్తది కట్టి లాగితే పైపు వంపు దగ్గర తెగింది, వైరు లాగే స్ప్రింగు పంపాల్సొచ్చింది. 1.5 చదరపు మి.మీ. టూకోర్ (లోపల రెండు తీగలుండే) రాగి ఫ్లెక్సిబుల్ వైరు, మధ్యలో అతుకు లేకుండా వేయించాం. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలుదే చాలు, ఆడియో పేరు చెప్పి అమ్మే ఖరీదైనది అక్కర్లేదు. చివరలకు ఫెర్రూల్ (పోగులు విడిపోకుండా తొడిగే చిన్న లోహపు గొట్టం) నొక్కించి, బాక్సులో జానెడు వైరు మిగల్చండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చనివ్వకండి.

అన్ని గదుల్లో పాట ఒకేసారి మోగుతుందని నేనే అందరికీ గొప్పగా చెప్పాను. పాటల వరకు నిజమే. టీవీ వార్తలు వంటింట్లో పెడితే మాత్రం మాట కాస్త వెనకబడుతుంది, హాల్లోది కూడా వినబడుతుంటే చిరాకే.

సంక్రాంతికి వరండా నిండా జనం చేరే ఇల్లు కాబట్టి మాకు ఖర్చు గిట్టింది. భీమవరంలో రెండు గదుల ఫ్లాటుకైతే బ్లూటూత్ స్పీకరు సరిపోతుందేమో. ఇల్లు ఇంకా కడుతుంటే, ప్లాస్టరింగ్‌కు ముందే ఒక పోగు గీకి చూడండి. అవతలి చివర రెండు కోర్లూ కలిపి ఇవతల కొలవండి. 1.5 చదరపు మి.మీ. వైరు 20 మీటర్లకు రానూపోనూ అర ఓము రావాలి. మల్టీమీటరు సొంత తీగలదే 0.2 దాకా ఉంటుంది, అది తీసేసి చూడండి. 0.7 దాటితే ఆ చుట్ట షాపుకు తిప్పి పంపేయండి.