నాలుగేళ్లు నిండని పాప, అయిదేళ్ల ఎత్తు: థీమ్ పార్కులో ఏ లెక్క మేలు?

మా పాపకి మూడేళ్ల పది నెలలప్పుడు ఎత్తు 110 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల పట్టిక తీసి చూస్తే, సరిగ్గా అయిదేళ్లు నిండిన ఆడపిల్లల మధ్యస్థ ఎత్తు 109.4. అంటే పక్కన నిలబడ్డ ఎవరి కంటికైనా అది అయిదు దాటిన పిల్ల. ఇంట్లో మాకు మాత్రం మధ్యాహ్నం నిద్ర లేకపోతే సాయంత్రానికి అల్లాడిపోయే పసిది.

ఆ వయసులోనే దాన్ని మొదటిసారి ఓ పెద్ద థీమ్ పార్కుకి తీసుకెళ్లాం. ఒక రోలర్ కోస్టర్ ముందు కనీస ఎత్తు 102 సెంటీమీటర్లు అని రాసి ఉంది. కొలకర్ర పక్కన నిలబెట్టారు, తల గీత దాటింది, లోపలికి పంపారు. మేమూ ఆలోచించలేదు. కొలిచి మరీ పంపారు కదా, ఇంకేం అనుకున్నాం. బండి చీకట్లోకి తిరిగిన క్షణం నుంచి దిగేదాకా అది నా చేతిలో గోళ్లు దిగేలా పట్టుకుని "ఆపమను అమ్మా, ఆపమను" అంటూనే ఉంది. ఆపించడం నా చేతిలో లేదు. దిగాక గేటు దగ్గరి అబ్బాయి ప్రేమగానే, "ఇంత పెద్దదానివి, ఏడుస్తావా?" అన్నాడు. ఆ పూటంతా పాప రంగులరాట్నం కూడా ఎక్కలేదు.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు వెళ్లాం, వేరే పార్కులూ చూశాం. వెళ్లిన ప్రతిసారీ అదే ప్రశ్న. ఈ పిల్ల విషయంలో ఎత్తు లెక్క చూడాలా, వయసు లెక్క చూడాలా? చోటును బట్టి జవాబు మారుతుందని నాకు తెలిసొచ్చింది.

రైడ్ దగ్గర

ఎక్కువ తర్జనభర్జన పడేది ఇక్కడే. ఎత్తు గీత ఎందుకు పెడతారో ముందు చూద్దాం. ఒడి మీదికి వాలే కడ్డీ, భుజాల మీదుగా దిగే పట్టీ ఒక కొలత ఉన్న శరీరాన్ని సీట్లో నిలిపి ఉంచేలా తయారవుతాయి. అంతకన్నా చిన్న ఒళ్లయితే వాటి కింద నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. అంటే గీత కొలిచేది ఒంటిని. పిల్ల భయాన్ని కొలవదు. "లేవకు, చేతులు బయట పెట్టకు" అని చెబితే రెండు నిమిషాల పాటు ఆ మాట మీద నిలబడే నిగ్రహాన్నీ కొలవదు.

సగటు ఎత్తు పిల్లలకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. వాళ్లు 102 సెంటీమీటర్లకు చేరేసరికి నాలుగేళ్లు వస్తాయి, 112కి సుమారు అయిదున్నర, 122కి ఏడు. ఒళ్లు, మనసు దాదాపు కలిసే ఎదుగుతాయి కాబట్టి గీత రెండిటికీ సరిపోయినట్టు కనిపిస్తుంది. బాగా పొడుగు పిల్లల విషయంలో ఆ జత తెగిపోతుంది. అలాంటి పిల్లలు మూడేళ్లకే 102 అందుకుంటారు, నాలుగు దాటగానే 112, అయిదున్నరకే 122.

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గీతల పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి. స్లింకీ డాగ్ డాష్‌కి 97 సెంటీమీటర్లు చాలు. టవర్ ఆఫ్ టెర్రర్‌కి 102. స్పేస్ మౌంటెన్‌కి, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కి 112. ట్రాన్ కోస్టర్‌కి 122. వీటిలో టవర్ ఆఫ్ టెర్రర్ అంటే చీకట్లో లిఫ్టు ఒక్కసారిగా కిందికి పడిపోయే రైడ్. మూడేళ్ల పొడుగు పిల్లకి అక్కడ గేటు తెరుచుకుంటుంది. తప్పు పార్కుది కాదు. పిల్లని కడ్డీ పట్టి ఉంచుతుందా అన్నంతవరకే వాళ్ల హామీ. పిల్ల తట్టుకుంటుందా అన్నది చూసుకోవాల్సింది మనం.

కాబట్టి గీతకి తక్కువుంటే వాదన వద్దు, బూట్లలో మెత్తలు పెట్టి ఎత్తు పెంచే పని అసలే వద్దు. గీత దాటితే మాత్రం అది అనుమతి, అంతే. ఎక్కాలా వద్దా అన్నది అక్కడి నుంచి వయసు చెప్పాలి.

వయసు లెక్క కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు, నిజమే. మా అక్క కొడుకు నాలుగేళ్లకే కోస్టర్ దిగి "మళ్లీ" అని లాక్కెళ్లేవాడు. అందుకే మేము నేర్చుకున్న పద్ధతి, చిన్నదానితో మొదలుపెట్టడం. బార్న్‌స్టార్మర్ లాంటి పొట్టి కోస్టర్‌కి 89 సెంటీమీటర్లు చాలు, నిమిషంలో అయిపోతుంది. దిగాక "బాగుందా" అని అడిగితే పిల్లలు మన ముఖం చూసి జవాబు చెబుతారు. "ఏది నచ్చలేదు, చీకటా, చప్పుడా, కిందికి పడటమా" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. మా పాపకి వేగం ఇష్టమే, దానికి పడనిది చీకటి. ఆ ఒక్క ముక్క తెలిశాక సగం తగువులు తీరిపోయాయి.

చీకటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎత్తు గీత లేదంటే భయం లేనట్టు కాదు. హాంటెడ్ మాన్షన్‌కి, పైరేట్స్ ఆఫ్ ది కరిబియన్‌కి ఎత్తు నిబంధనే లేదు. రెండూ చీకటి రైడ్లు. ఒకదాంట్లో దయ్యాలు, ఇంకోదాంట్లో ఫిరంగి మోతలు. స్లింకీ డాగ్ డాష్ ఆరుబయట, పట్టపగలు తిరుగుతుంది. మా పాపలాంటి పిల్లకి గీత ఉన్న ఆ కోస్టరే నయం. వెళ్లే ముందు రోజు ఆ రైడ్ వీడియో పిల్లతో కలిసి చూస్తే ఇదంతా ఇంట్లోనే తేలిపోతుంది.

పొడుగు పిల్లల అమ్మానాన్నలు తప్పక గుర్తుంచుకోవాల్సింది సీట్ల సంగతి. డిస్నీ వరల్డ్‌లో ఏడేళ్లలోపు పిల్లలు రైడ్ ఎక్కాలంటే 14 ఏళ్లు నిండినవాళ్లు తోడుండాలి. వరుసకి ఇద్దరే పట్టే బండిలో ముగ్గురు ఎక్కబోతే, ఏడెనిమిదేళ్లలా కనిపించే పిల్లని విడిగా వేరే వరుసలో కూర్చోమనే అవకాశం ఉంది. ఎంతమంది అని అడిగిన వెంటనే "ముగ్గురం, పాపకి అయిదేళ్లు" అని రెండూ కలిపి చెప్పేయండి.

పిల్ల వద్దంటే మీ సరదా చంపుకోనక్కర్లేదు. డిస్నీలో రైడర్ స్విచ్, యూనివర్సల్ పార్కుల్లో చైల్డ్ స్వాప్ అనే ఏర్పాట్లున్నాయి. ఒకరు పిల్లతో ఉంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడకుండా ఎక్కుతారు. ఎత్తు చాలని పిల్లల కోసమే అనుకుని మేము మొదట అడగనేలేదు. ఎత్తు సరిపోయి ఎక్కనన్న పిల్ల ఉన్నా డిస్నీలో ఇది వాడుకోవచ్చు.

ఏ పార్కు?

యూనివర్సల్ వాళ్ల ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్ లాంటి చోట పెద్ద కోస్టర్ల గీతలన్నీ బాగా పైన ఉంటాయి. హ్యాగ్రిడ్స్ కోస్టర్‌కి 122, వెలాసికోస్టర్‌కి 130, హల్క్‌కి 137 సెంటీమీటర్లు. నాలుగేళ్ల పిల్ల ఎంత పొడుగైనా అందుకోలేదు. ఎత్తు ఉంది కదా అని అక్కడికి తీసుకెళ్తే చాలాసేపు గేట్ల బయటే గడుస్తుంది.

లెగోలాండ్ 2 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన పార్కు. నాకు అక్కడ బాగా నచ్చింది డ్రైవింగ్ స్కూల్. చిన్నవాళ్లది 3 నుంచి 5 ఏళ్లకి, పెద్దవాళ్లది 6 నుంచి 13 ఏళ్లకి. అంటే వయసు పెట్టి విడదీశారు. పొడుగు పిల్లని చూసి పెద్దవాళ్ల వరుసలోకి పొమ్మంటే వయసు చెప్పి చిన్నవాళ్ల వైపు నడిపించవచ్చు. అక్కడ దాని ఈడు పిల్లలే చుట్టూ ఉంటారు. తన వయసువాళ్లతో ఆడుకునే చోటు ఈ పిల్లలకి అంత తేలిగ్గా దొరకదు. ఇంకా చిన్నవాళ్లకైతే ఫ్లోరిడాలో లెగోలాండ్ పక్కనే 2022లో తెరిచిన పెప్పా పిగ్ పార్కు ఉంది.

డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు ఈ రెండు తరహాలకీ మధ్యలో ఉంటుంది. డంబో, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, పీటర్ పాన్స్ ఫ్లైట్ లాంటి గీత లేని రైడ్లతోనే రోజు నిండిపోతుంది. అయినా ఆరేళ్లలోపు పిల్లతో ఒకే పార్కు చూసే వీలుంటే నేను లెగోలాండ్ తరహాదే ఎంచుకుంటాను. వేర్వేరు వయసుల పిల్లలున్న ఇల్లయితే మ్యాజిక్ కింగ్‌డమ్.

నీళ్ల పార్కుల్లో మాత్రం ఎత్తు అడ్డం తిరగొచ్చు. పసివాళ్ల కొలనుల్లో కొన్నిటికి గరిష్ఠ ఎత్తు పెడతారు. డిస్నీ టైఫూన్ లగూన్‌లో కెచకిడీ క్రీక్‌కి అది 122 సెంటీమీటర్లు. పొడుగ్గా ఎదిగే పిల్లకి అయిదున్నర, ఆరేళ్లకే ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి నీళ్ల పార్కు అనుకుంటున్నవాళ్లు ముందే వెళ్లిరండి.

టికెట్ దగ్గర

వయసు లెక్కే పొడుగు పిల్లలకి న్యాయం. డిస్నీ వరల్డ్‌లో మూడేళ్లలోపు ఉచితం, 3 నుంచి 9 పిల్లల టికెట్, పది నిండితే పెద్దల టికెట్. డిస్నీలాండ్ పారిస్‌లో పిల్లల టికెట్ 11 ఏళ్ల దాకా. టోక్యో డిస్నీలాండ్‌లో మూడేళ్ల దాకా ఉచితం, 4 నుంచి 11 పిల్లల టికెట్. జర్మనీ యూరోపా పార్క్‌లో నాలుగేళ్లలోపు ఉచితం.

ఎత్తుతో టికెట్ పెట్టే చోట లెక్క తిరగబడుతుంది. షాంఘై డిస్నీలాండ్ 2016లో తెరిచినప్పుడు మీటరు దాకా ఉచితం, 1.4 మీటర్ల దాకా పిల్లల టికెట్ అని పెట్టారు. ఆ లెక్కన మూడేళ్లు కూడా నిండని పొడుగు పిల్లకి టికెట్ కొనాల్సి వచ్చేది. పిల్ల చేసిన నేరమల్లా పెరగడమే. టికెట్ కొనే ముందు ఆ పార్కు ఏ కొలత వాడుతుందో చూసుకోండి.

వయసు లెక్క ఉన్న చోట పుట్టిన తేదీ ఉన్న కాగితం ఫోటో ఫోన్లో పెట్టుకోండి. అడిగితే చూపించండి, అడిగారని నొచ్చుకోకండి. వయసు తగ్గించి చెప్పేవాళ్లు ఉండబట్టే మనల్ని అడుగుతున్నారు. పిల్ల ముందు మనం మాత్రం ఆ పని చేయకూడదు. నాలుగేళ్ల పిల్లకి తన వయసు బాగా తెలుసు, గట్టిగా అందరికీ వినపడేలా చెబుతుంది కూడా.

నడిపించాలా, పిల్లల బండిలో (స్ట్రోలర్) కూర్చోబెట్టాలా?

బండే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కాళ్లు పొడుగైనంత మాత్రాన ఓపిక పొడుగవదు. పొద్దున్నుంచి రాత్రి దాకా పార్కులో నడిచే దూరం పెద్దవాళ్లకే కాళ్లు లాగేంత. "ఇంత పిల్లకి బండేమిటి" అన్నట్టు చూసేవాళ్లు చూస్తారు, మేమూ మొదటిసారి ఆ చూపులకి జంకి బండి తీసుకెళ్లలేదు. మధ్యాహ్నం మూడింటికల్లా 20 కిలోల పిల్ల మా ఆయన భుజం మీద ఉంది. పొడుగు పిల్ల అంటే బరువు పిల్ల కూడా అన్నది అప్పటిదాకా తట్టలేదు.

మామూలు పసిపిల్లల బండిలో ఈ పిల్లల మోకాళ్లు పైకొస్తాయి. కాళ్లు చాపుకునే వీలున్నది, బరువు పరిమితి ఎక్కువున్నది చూసుకోవాలి. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 2019 మే నుంచి బండి వెడల్పు 79, పొడవు 132 సెంటీమీటర్లు మించకూడదు, లాక్కెళ్లే వ్యాగన్లు పనికిరావు.

పిల్ల తప్పిపోతే ఏమిటన్నది చాలామందికి తట్టదు. నాలుగేళ్లంత కనిపించే పిల్ల ఒంటరిగా నడుస్తుంటే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. ఏడేళ్లంత కనిపిస్తే అమ్మానాన్న దగ్గర్లోనే ఉంటారని వెళ్లిపోతారు. చేతికి ఫోన్ నంబరు ఉన్న పట్టీ కట్టండి. సిబ్బందికి చెప్పేటప్పుడు వయసుతో పాటు "కనిపించడానికి ఆరేడేళ్లలా ఉంటుంది" అని చెప్పండి. వయసొక్కటే చెబితే వాళ్లు పొట్టి పిల్ల కోసం వెతుకుతారు.

ఇప్పుడా, ఇంకో రెండేళ్లాగా?

రైడ్ల కోసమే అయితే ఆగండి. ఊరేగింపులు, బొమ్మల వేషాలు, నీళ్లలో ఆట కోసమైతే ఇప్పుడే వెళ్లండి. మిక్కీ వేషం వేసుకొచ్చిన మనిషిని నిజం మిక్కీ అనుకుని వాటేసుకునే వయసు తొందరగా దాటిపోతుంది, ఎత్తు దాన్ని ఆపదు.

మా పాపకి ఇప్పుడు అయిదున్నర, నిన్నమొన్నే 122 దాటింది. పోయిన నెల మళ్లీ వెళ్తే ఓ పెద్ద కోస్టర్ దగ్గర కొలిచి "నువ్వు ఎక్కొచ్చు" అన్నారు. అది ఆ గుహ లాంటి ద్వారం వైపు కాసేపు చూసి, "లోపల చీకటి కదా, నాకొద్దు, నువ్వూ నాన్నా ఎక్కండి" అంది. మా ఆయన ముందు ఎక్కారు. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చుని, బండి పైకొచ్చినప్పుడల్లా చేతులూపాం.