నాష్‌విల్‌లో 45 డాలర్ల దండగ, హిల్టన్స్‌ పల్లెలో శనివారం రాత్రి

అమెరికా పల్లె బాణీల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌ వెళ్తే, బార్ల వీధి బ్రాడ్‌వే దగ్గర పిలిచి మరీ ఎక్కించుకునే ‘సంగీత చరిత్ర’ బస్సు ఎక్కకండి. మనిషికి 45 డాలర్లు. గంటన్నరసేపు ఏ గాయకుడి మేడ ఎన్ని మిలియన్లో చెప్పారు గానీ, డిఫోర్డ్ బెయిలీ పేరు ఒక్కసారీ రాలేదు. 1927 డిసెంబరులో రేడియోలో కంట్రీ పాటల కార్యక్రమానికి ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అన్న పేరు పుట్టిన రాత్రి, మైకు ముందు హార్మోనికా మీద రైలు పరుగెత్తించిన నల్లజాతి కళాకారుడాయన. 1941లో తీసేశారు. ఆ తర్వాత బూట్ పాలిష్ కొట్టడమే ఆధారం. కంట్రీ కళాకారులను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2005లో, ఆయన పోయిన 23 ఏళ్ళకి!

ఆయన కోసమైతే, ఓప్రీ వల్ల పేరుపడ్డ రైమన్ ఆడిటోరియం టికెట్ కొననక్కర్లేదు. ఓప్రీ అక్కడికి మారింది 1943లో. బెయిలీని తీసేసేనాటికి ప్రదర్శనలు జరిగింది దగ్గర్లోనే ఉన్న వార్ మెమోరియల్ ఆడిటోరియంలో. బయటినుంచి చూడ్డానికి పైసా అక్కర్లేదు. సమాధి గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఉంది, కారు ఉంటేనే వీలు. వెంట వచ్చినవాళ్ళు సెలవుల్లో శ్మశానమేంటని మొహం మాడ్చుకుంటారు, పట్టించుకోకండి.

బస బ్రాడ్‌వే మీద వద్దు. బార్ల మోత తెల్లవారుజామున మూడింటిదాకా, ఆపైన పార్కింగ్‌కే రాత్రికి 50 డాలర్లు.

2021లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ సంగీత మ్యూజియం బాగుంది, కానీ కంట్రీకి విడిగా గది లేదు. అందుకే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా చూడాలి. గుండ్రటి హాల్లో బెయిలీ, చార్లీ ప్రైడ్, రే చార్లెస్‌ల కంచు ఫలకాలు వెతికి చూడండి. బాంజో కనబడితే మెడ సగంలో పక్కకు పొడుచుకొచ్చిన బిరడ దగ్గర ఆగండి. బొటనవేలితో మీటే ఆ పొట్టి తీగ పడమటి ఆఫ్రికా వాద్యాల నుంచి బానిసలతోపాటు వచ్చింది. తొలినాటి బాంజోలకు మెట్లు లేవు. సొరకాయ బుర్రకు తోలు బిగించినవే, మన ఏకతారకు చుట్టాలన్నమాట.

అసలు ఆనందం ఊరి బయట. టెనెసీ-వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ ఇక్కడినుంచి సుమారు 290 మైళ్ళు, నాలుగున్నర గంటలు. అక్కడ గడియారం గంట ముందుంటుంది. ఇది మర్చిపోతే అక్కడి కంట్రీ సంగీత మ్యూజియం మూసేవేళకి చేరతారు. కార్టర్ కుటుంబం పాటలు తొలిసారి రికార్డయిన 1927 నాటి రికార్డింగుల కథ అందులో ఉంది, రెండు గంటలు చాలు. శనివారం సాయంత్రానికి వర్జీనియాలోని హిల్టన్స్‌ పల్లెలో ఆ కుటుంబం పేరు మీదున్న కచేరీ శాల కార్టర్ ఫోల్డ్‌ చేరేలా చూసుకోండి. మందు దొరకదు, కరెంటు గిటార్లు ఉండవు. ఆ కుటుంబ బృందం పెద్ద ఎ.పి. కార్టర్ పాత పాటల వేటకు వెళ్ళినప్పుడు వెంట నడిచింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు, ఒక కాలు పోయినవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే ఈయన వరస గుర్తుపెట్టుకునేవాడు. ఆ బృందంలోని మేబెల్ కార్టర్ గిటారు మీటే తీరులో కొంత ఈయన్ని చూసి నేర్చుకున్నదే. అక్కడ గిటారు మోగుతుంటే పాడేవాళ్ళ మొహాలు వదిలేసి బొటనవేలిని చూడండి, పాట వరస కింది స్థాయి తీగల మీదే నడుస్తుంది.