హైడెన్‌హైమ్ మ్యాచ్ ప్రయాణం: టికెట్, రైలు, బస

జర్మనీ దక్షిణాన, బ్రెంట్స్ నది లోయలో ఉన్న హైడెన్‌హైమ్ జనాభా దాదాపు 50,000. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు 2023-24లో మొదటిసారి బుండెస్‌లీగా, అంటే దేశపు మొదటి డివిజన్ లీగ్, ఆడింది. సొంత మైదానం ఫోయిట్ అరేనాలో పట్టేది 15,000 మంది. బుండెస్‌లీగా లైసెన్సు కావాలంటే స్టేడియానికి ఉండాల్సిన కనీస సామర్థ్యం కూడా సరిగ్గా అంతే. సీజన్‌కు 17 హోమ్ మ్యాచ్‌లు, అంటే మొత్తం 2,55,000 సీట్లు. 81,365 మంది పట్టే డార్ట్‌మండ్ మైదానం మూడు మ్యాచ్‌లు దాటేసరికే ఆ లెక్క పూర్తి చేసేస్తుంది. ఇక్కడికి మ్యాచ్ చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి. మైదానానికి చేరడం పెద్ద కష్టం కాదు. టికెట్, గది, తిరుగు రైలు, ఈ మూడూ ఒకే రోజుకు కుదరడమే కష్టం.

టికెట్టుతో మొదలుపెట్టాలి. అది చేతికి రాకముందే రైలు, గది బుక్ చేసుకుంటే డబ్బు పోయే అవకాశమే ఎక్కువ. ఉన్న 15,000లో 10 శాతం, అంటే 1,500 దాకా, బయటి జట్టు అభిమానులకు పోతాయి. సీజన్ టికెట్ ఉన్నవాళ్ల సీట్లు ముందే తీసేస్తారు. మిగిలినవాటిలో మొదటి వంతు క్లబ్బు సభ్యులది. అందరికీ అమ్మకం తెరిచే సమయానికి మిగిలేవి అక్కడొకటి, ఇక్కడొకటి. ఇద్దరు కలిసి వెళ్లాలనుకుంటే పక్కపక్క సీట్ల మీద ఆశ పెట్టుకోకుండా విడివిడిగా తీసుకోవడమే నయం. రాలేని సీజన్ టికెట్‌దారులు తమ సీటును క్లబ్బు సొంత రీసేల్ పేజీలో పెడతారు. మ్యాచ్‌కు ముందు మూడు నాలుగు రోజులు ఆ పేజీని పొద్దునా సాయంత్రం చూస్తుండాలి. బయటి రీసేల్ సైట్లలో కొనొద్దు. ధర సంగతి అలా ఉంచి, అలా చేతులు మారిన టికెట్టును రద్దు చేసే హక్కు క్లబ్బుకు ఉంటుంది. గేటు దగ్గర ఎర్ర లైటు వెలిగాక వాదించి లాభం లేదు.

ప్రత్యర్థి ఎవరన్నది కూడా చూసుకోవాలి. బయర్న్, డార్ట్‌మండ్, దగ్గర్లోనే ఉన్న స్టుట్‌గార్ట్ వస్తే టికెట్ దొరకడం గగనం. మైన్స్, వోల్ఫ్స్‌బుర్గ్ లాంటి జట్లు వచ్చినప్పుడు ప్రయత్నిస్తే ఫలితం ఉంటుంది. ఆట విషయంలో అలా వెళ్లడం తక్కువేం కాదు. హైడెన్‌హైమ్ బుండెస్‌లీగాలో మొదటి విజయం బ్రేమెన్ మీద, సొంత మైదానంలో 4-2తో సాధించింది.

తర్వాత తేదీ. లీగ్ ముందుగా ఇచ్చే పట్టికలో ఏ వారాంతం అన్నది మాత్రమే ఉంటుంది. శుక్రవారం రాత్రి 8:30కా, శనివారం మధ్యాహ్నం 3:30కా, సాయంత్రం 6:30కా, ఆదివారమా అన్నది మ్యాచ్‌కు కొన్ని వారాల ముందు తేలుతుంది. పట్టికలో శనివారం కనబడింది కదా అని వాపసు రాని గది తీసుకుంటే, మ్యాచ్ ఆదివారానికి జరిగినప్పుడు గది డబ్బు పోయినట్టే. సమయం ఖరారయ్యేదాకా ఉచితంగా రద్దు చేసుకోగల గదే తీసుకోవాలి, కాస్త ధర ఎక్కువైనా సరే.

ఇక రైలు. హైడెన్‌హైమ్ ఉత్తరాన ఆలెన్‌కు, దక్షిణాన ఉల్మ్‌కు మధ్య నడిచే బ్రెంట్స్ లైను మీద ఉంది. ఆ రెండింటిలో ఆలెన్ దగ్గర, ఉల్మ్ దానికి దాదాపు రెట్టింపు దూరం. ఈ లైనుకు కరెంటు తీగలు లేవు, నడిచేవి డీజిల్ బండ్లు. పట్టా కూడా చాలా మటుకు ఒక్కటే. ఎదురు బండి వచ్చి క్రాసింగ్ అయ్యేదాకా స్టేషన్‌లో ఆగాల్సిందే. ఉల్మ్ నుంచి వచ్చే బండి పది నిమిషాలు లేటైతే ఉల్మ్ వైపు వెళ్లే బండీ పది నిమిషాలు ఆగుతుంది, ఆ ఆలస్యం అవతలి చివరిదాకా పాకుతుంది. అందుకని ఉల్మ్‌లో లేదా ఆలెన్‌లో పెద్ద రైలు అందుకోవాలంటే మధ్యలో ఆరేడు నిమిషాలు కాదు, కనీసం అరగంట పెట్టుకోవాలి. మ్యాచ్ రోజు పెట్టెలు నిండిపోతాయి. తలుపుల దగ్గర జనం తోసుకుంటూ ఎక్కడం వల్లే ప్రతి స్టేషన్‌లో ఒకటి రెండు నిమిషాలు పోతాయి.

2023-24 సీజన్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ నెలకు 49 యూరోలు ఉండేది. దాంతో దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రామ్‌లు ఎక్కొచ్చు. హైడెన్‌హైమ్ వెళ్లే ప్రాంతీయ బండ్లకూ అది పనికొస్తుంది. ఐసీఈ, ఐసీ లాంటి వేగపు రైళ్లకు మాత్రం చెల్లదు. ఆ రెండూ కలగాపులగం చేసుకుని పట్టుబడేవాళ్లు ఎందరో. చెల్లని టికెట్‌తో దొరికితే జరిమానా 60 యూరోలు. ఇంకో చిక్కు, అది చందా పద్ధతి. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కట్ అవుతుంది. ఒక్క వారాంతం కోసం నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే రాష్ట్ర పరిధిలోని బాడెన్-వ్యుర్టెంబెర్గ్ డే టికెట్టే మేలు. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా ప్రయాణించొచ్చు. పనిరోజుల్లో పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది, వారాంతంలో ఆ పట్టింపు లేదు. మర్నాడు తెల్లవారుజామున 3 దాకా నడుస్తుంది కాబట్టి రాత్రి మ్యాచ్ తర్వాత తిరుగు ప్రయాణానికీ సరిపోతుంది.

బస విషయానికొస్తే, మధ్యాహ్నం మ్యాచ్ అయితే ఉల్మ్‌లో ఉండాలి, రాత్రి మ్యాచ్ అయితే హైడెన్‌హైమ్‌లోనే ఉండాలి. ఉల్మ్ పెద్ద ఊరు, హోటళ్లు ఎక్కువ, మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వేగపు రైళ్లు అక్కడే ఆగుతాయి. స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే 161.53 మీటర్ల గోపురంతో ఉల్మ్ మ్యున్‌స్టర్ చర్చి ఉంది. దానికి 768 మెట్లు. మ్యాచ్ రోజే అవన్నీ ఎక్కి, మళ్లీ స్టేడియం కొండెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. అది మర్నాటికి పెట్టుకోవాలి. ఆలెన్ దగ్గరిదే అయినా హోటళ్లు తక్కువ, రాత్రి తొందరగా సద్దుమణిగే ఊరు. ఉత్తరం వైపు నుంచి వచ్చేవాళ్లకు తప్ప దాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

శుక్రవారం రాత్రి మ్యాచ్‌కు లెక్క వేరు. 8:30కు మొదలైన ఆట 10:20 దాటాక ముగుస్తుంది. జనంలోంచి బయటపడి కొండ దిగి స్టేషన్ చేరేసరికి 11 కావొస్తుంది. ఆ వేళ ఈ లైనులో బండ్లు పలచబడతాయి, ఒకటి తప్పితే చలిలో చాలాసేపు నిలబడాలి. అలాంటి రోజు ఊళ్లోనే గది చూసుకోవాలి. ఉన్న హోటళ్లు తక్కువ కాబట్టి మ్యాచ్ సమయం ఖరారైన రోజే బుక్ చేసేయాలి. ఊళ్లో దొరక్కపోతే ఉల్మ్ వైపు కొంత దూరంలో ఉన్న గీంగెన్ చూడొచ్చు. టెడ్డీ బేర్లు చేసే ష్టైఫ్ కంపెనీ ఊరు అదే, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఆ మ్యూజియం ఒక పూట కాలక్షేపం.

ఇక కొండ. స్టేడియం 555 మీటర్ల ఎత్తున, హెల్లెన్‌ష్టైన్ కోట ఉన్న కొండ మీద ఉంది. ఊరు 500 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఎక్కాల్సింది 50 మీటర్లకు పైగా, పదిహేను అంతస్తుల మెట్లంత. స్టేషన్ నుంచి తీరిగ్గా నడిస్తే అరగంట అనుకోవాలి. పాత ఊరి వీధుల్లోంచి కోట వైపు ఎక్కే దారి చాలా బాగుంటుంది. ఎర్రటి పెంకుల కప్పులు ఒక్కొక్కటే కాళ్ల కిందికి దిగిపోతుంటాయి, పైన చెట్ల సందుల్లోంచి ఫ్లడ్‌లైట్లు కనబడతాయి, అప్పటికే డ్రమ్ముల మోత వినబడుతుంటుంది. ఈ యాత్రలో తప్పకుండా కాలినడకన చేయాల్సింది ఈ ముక్కే. శీతాకాలంలో మాత్రం అదే దారి దిగేటప్పుడు జారుతుంది. పొద్దున కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టడమే దానికి కారణం. అడుగున గాడులు లోతుగా ఉన్న బూట్లు వేసుకోవాలి. పైన ఊరికంటే గాలి ఎక్కువ కాబట్టి కోటు లోపల ఇంకో పొర ఉండాలి.

కికాఫ్‌కు గంటన్నర ముందు గేటు దగ్గర ఉంటే చాలు. నిలబడే స్టాండు టికెట్టుకు చోటు నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్లదే చోటు. ఇంకో అరగంట ముందు వెళ్లాలి. ఏ4 కాగితం కంటే పెద్ద సంచీ తీసుకెళ్లొద్దు. బ్యాక్‌ప్యాక్‌తో వెళ్లి గేటు నుంచి వెనక్కి తిరిగి లాకర్ వెతుక్కునేసరికి మొదటి సగం అయిపోతుంది. సామాను హోటల్లోనే వదలాలి. లోపల తాగే గ్లాసుకు డిపాజిట్ తీసుకుంటారు, గ్లాసు తిరిగిచ్చాకే ఆ డబ్బు వస్తుంది. ఆట ముగిశాక అందరూ ఒకేసారి కౌంటర్ మీద పడతారు కాబట్టి విరామంలోనే తిరిగిచ్చేయడం తెలివైన పని. తిండికి ఆ ప్రాంతపు ఎర్ర సాసేజి బ్రెడ్డులో పెట్టి ఇస్తారు, అది మాంసం. శాకాహారులు మైదానం తిండి మీద ఆధారపడకుండా ముందే ఊళ్లో చీజ్ ష్పెట్సిలె (నూడుల్స్ లాంటి వంటకం) తినేసి ఎక్కడం మంచిది. అదే ప్రాంతపు పిండి పొట్లాలైన మౌల్టాషెన్‌లో సాధారణంగా మాంసం కూరుతారు, అడక్కుండా తినొద్దు.

ఇంత చిన్న మైదానంలో ఏ మూల నిలబడ్డా గడ్డి దగ్గరే. కోచ్ అరుపులు వినబడతాయి. ఆ కోచ్ ఫ్రాంక్ ష్మిట్ ఈ ఊళ్లోనే పుట్టినవాడు. 2007లో, జట్టు నాలుగో డివిజన్‌లో ఉన్నప్పుడు పగ్గాలు పట్టి ఇక్కడిదాకా తెచ్చాడు. 2024 ఏప్రిల్ 6న బయర్న్ వచ్చినప్పుడు విరామానికి హైడెన్‌హైమ్ 0-2తో వెనకబడింది. 50వ నిమిషంలో కెవిన్ సెస్సా, ఆ వెంటనే 51లో టిమ్ క్లైన్‌డీన్‌స్ట్, 79లో మళ్లీ క్లైన్‌డీన్‌స్ట్. 3-2. విరామంలో సాసేజి వరుసలో నిలబడి ఆలస్యంగా తిరిగొచ్చినవాళ్లు రెండు గోల్స్ పోగొట్టుకున్నారు. ఈ జట్టు మ్యాచ్‌లో రెండో సగం మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు సీటు వదలకూడదు. బుండెస్‌లీగాకు ప్రమోషన్ వచ్చిందే అలా. 2023 మే 28న రెగెన్స్‌బుర్గ్‌లో 0-2 నుంచి తేరుకుని, ఇంజూరీ టైమ్‌లో కొట్టిన రెండు గోల్స్‌తో 3-2గా గెలిచారు.

తిరుగు రైలు కోసం ఐదు నిమిషాల ముందే లేచిపోవాలనిపించడం సహజం. 2023-24 సీజన్‌లో ఆట వేళకు ముగుస్తుందన్న భరోసా కూడా లేదు. లీగ్‌లోకి పెట్టుబడిదారును తెచ్చే ప్రతిపాదన మీద 2024 ఫిబ్రవరిలో దేశమంతటా అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరారు. వాటిని ఏరేదాకా ఆట ఆగేది. అదే నెల 21న లీగ్ ఆ ప్రతిపాదనను వదులుకుంది. జనవరి చివర రైలు డ్రైవర్ల సమ్మె రోజుల తరబడి సాగింది. ఇలాంటివి ఏ సీజన్‌లోనైనా రావొచ్చు కాబట్టి చివరి బండిని కాదు, దాని ముందు బండిని లక్ష్యంగా పెట్టుకోవాలి. చివరిది అవసరానికి ఉండాలి.

ఇదే జట్టును బయటి మైదానంలో చూడటం ఒక్కోసారి సులువు. డార్ట్‌మండ్‌లో 2023 సెప్టెంబర్ 1న, 0-2 నుంచి 2-2 చేసి హైడెన్‌హైమ్ బుండెస్‌లీగాలో తన మొదటి పాయింటు అక్కడే సంపాదించింది. ఆ స్టేడియానికి సొంత రైల్వే హాల్ట్ ఉంది, నగరంలో గదులకు కరువు లేదు. కాకపోతే అది శుక్రవారం రాత్రి మ్యాచ్. హైడెన్‌హైమ్ నుంచి రైల్లో ఐదు గంటలకు పైనే ప్రయాణం, ఆ రాత్రే వెనక్కి రావడం జరిగే పని కాదు. సౌకర్యం చూస్తే డార్ట్‌మండ్, ఆట దగ్గరగా చూడాలంటే హైడెన్‌హైమ్. ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, కొండెక్కాల్సి వచ్చినా, హైడెన్‌హైమే.

2023-24 లీగ్ చివరి రోజు హైడెన్‌హైమ్ కొలోన్‌ను 4-1తో ఓడించి 42 పాయింట్లతో 8వ స్థానంలో నిలిచింది. వారం తర్వాత, అప్పటికే లీగ్ గెలిచిన లెవర్‌కూసెన్ జర్మన్ కప్పు కూడా గెలవడంతో ఆ 8వ స్థానానికి కాన్ఫరెన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ) బెర్త్ దక్కింది. ప్రయాణం చేసేవాళ్లకు దీనివల్ల ఒక మార్పు వచ్చింది. 2024-25లో యూరప్ మ్యాచ్‌లు గురువారం ఉండటంతో ఆ వారపు లీగ్ మ్యాచ్ ఆదివారానికి జరుగుతుండేది. జర్మనీలో ఆదివారం దుకాణాలు, సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి. నీళ్లు, బ్రెడ్డు, పళ్లు శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోవాలి. ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్ల డిపాజిట్ ముందే కట్టి ఉంటారు. ఆదివారం అది వెనక్కి తీసుకునే మిషన్లు కూడా మూసి ఉన్న ఆ దుకాణాల్లోనే ఉంటాయి కాబట్టి ఖాళీ సీసాలను సోమవారం పొద్దున్న దారిలో ఇచ్చేయొచ్చు.